వ్యాకులతకు ధ్యానమార్గము: జైనూర్ ప్రాంత పరిచర్య దృష్టితో ఒక గ్రంథ విమర్శ

పరిచయము

మానసిక రోగమును గూర్చి మన సంఘములలో తరచు రెండు మాటలు వినిపిస్తాయి. ప్రార్థన ఉండగా మందులెందుకు అనేది ఒకటి. ధ్యానము అన్యమతాచారము గనుక దాని జోలికి పోరాదు అనేది మరొకటి. ఈ రెంటి మధ్య నలిగిపోయేది రోగి. మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్, జిందెల్ సీగల్, జాన్ కబాట్-జిన్ కలిసి రాసిన ‘ది మైండ్‌ఫుల్ వే త్రూ డిప్రెషన్’ (2007) అను గ్రంథమును మేము ఈ నేపథ్యములో పరిశీలిస్తున్నాము. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలములో, గోండు గూడెముల మధ్య పరిచర్య చేసే కాపరికి ఇది ఏ మేరకు పనికివస్తుంది అన్నదే మా ప్రశ్న.

గ్రంథసారము

బౌద్ధులు ‘సతి’ అని పిలిచే ఎరుకను కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో నొప్పితోను ఒత్తిడితోను బాధపడే రోగులకు నేర్పడం ఆరంభించారు. తక్కిన ముగ్గురు దానిని, పదేపదే వ్యాకులతకు లోనయ్యేవారి కొరకు ఎనిమిది వారముల శిక్షణగా మలిచారు. వారి వాదన సరళమైనది. ఒకసారి కోలుకున్న మనిషికి మళ్ళీ కాస్త దిగులు కలిగితే, మనసు పాత తలంపులనే తిరగవేయడం మొదలుపెడుతుంది. “నేనెందుకిలా ఉన్నాను” అని తరచి చూచుకొనే ఆ ప్రయత్నమే అతనిని తిరిగి రోగములోనికి లాగుతుంది. కాబట్టి తలంపుతో పోరాడక, దాని వెంట పోక, అది తలంపు మాత్రమే అని గుర్తించడం నేర్చుకోవాలి. శ్వాసను గమనించడం, శరీరములోని ఒక్కొక్క భాగముపై మనసు నిలపడం, ఒక ఎండుద్రాక్షను నిదానముగా తినడం, మూడు నిమిషముల విరామము ఇందుకు సాధనములు.

గ్రంథ బలము

ఈ మార్గమునకు పరిశోధనల ఆధారమున్నది. 2000లో వెలువడిన తొలి పరిశోధనలో 145 మంది పాల్గొన్నారు. మూడు లేక అంతకంటె ఎక్కువ సార్లు వ్యాకులతకు లోనైనవారిలో రోగము తిరగబెట్టడం గణనీయముగా తగ్గింది. రెండుసార్లు మాత్రమే లోనైనవారిలో ఆ మేలు కనబడలేదు. 2015లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన 424 మంది పరిశోధనలో, ఈ శిక్షణ పొందుతూ మందులు క్రమముగా తగ్గించుకున్నవారిలో 44 శాతమునకు, మందులు కొనసాగించినవారిలో 47 శాతమునకు రెండేండ్లలో రోగము తిరగబెట్టింది. అనగా ధ్యానము మందులను మించిపోలేదు. మందులు తగ్గించినవారు కూడా వైద్యుని పర్యవేక్షణలోనే తగ్గించారు.

రచయితల నిజాయితీని కూడా మెచ్చుకోవాలి. రోగము తీవ్రముగా ఉన్న సమయములో ఈ శిక్షణ మొత్తము చేపట్టవద్దని వారే హెచ్చరిస్తారు. “సంతోషముగా ఉండు, విశ్వాసముంచు” అని కుంగినవానికి ఆజ్ఞాపించడం అతని అపరాధభావమును పెంచుతుందని మన ప్రసంగీకులు ఈ పుటలలో నేర్చుకోవచ్చు.

పరిమితులు

మొదటిది, ఈ గ్రంథము ఊహించుకున్న పాఠకునికి ఒక నిశ్శబ్దమైన గది, రోజూ కొంత తీరిక, ఇంగ్లీషు చదువు ఉన్నాయి. పత్తి ఏరే రోజులలో గూడెములోని స్త్రీకి ఆ గదీ లేదు, ఆ తీరికా లేదు. అయితే మూడు నిమిషముల విరామము చేను గట్టు మీదనైనా సాధ్యము. ఎండుద్రాక్షకు బదులు జొన్నరొట్టె ముక్క చాలు.

రెండవది, తలంపులు వాస్తవములు కావు అనే సూత్రము అన్నిటికీ వర్తించదు. “నేను దేనికీ పనికిరాను” అన్నది తలంపు. షావుకారు అప్పు వాస్తవము. దానిని శ్వాసతో పాటు వదిలివేయమనడం క్రూరత్వము.

మూడవది భాష. జైనూర్ మండలములోని మార్లవాయిలో నివసించిన హైమెన్‌డార్ఫ్ దంపతుల కాలములో, 1943లో, గోండు ఉపాధ్యాయుల శిక్షణాకేంద్రము అక్కడ ఏర్పడింది. అక్షరములు గోండి ద్వారానే నేర్పాలని వారు గ్రహించారు. అక్షరములకే మాతృభాష కావలసివస్తే, మనసులోని దుఃఖమును గుర్తుపట్టడానికి ఎంతగా కావాలి! తెలుగు క్యాసెట్టు గాని ఫోను గాని ఆ పని చేయజాలదు.

నాల్గవది అతి ముఖ్యమైనది. ఈ గ్రంథము వ్యాకులత కొరకు రాయబడినది. అతి ఉత్సాహము, అతి దిగులు మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మతకు దీనిని యథాతథముగా వర్తింపజేయరాదు. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఈ శిక్షణ బైపోలార్ రోగము తిరగబెట్టడాన్ని ఆపలేకపోయింది. దీర్ఘ మౌనసాధన చేయించే విపశ్యన కేంద్రములు సైతం తీవ్ర మానసిక రోగులకు తమ శిబిరము తగదని ముందే చెబుతాయి.

వేదాంత పరిశీలన

మొదటి కీర్తనలో ధ్యానమునకు వాడిన ‘హాగా’ అను హెబ్రీ పదమునకు గొణుగుట, మెల్లగా ఉచ్చరించుట అని అర్థము. యెషయా గ్రంథములో సింహపు గర్జనకు, గువ్వ మూల్గుకు అదే పదము వాడబడింది. అది నోటితో, వాక్యముతో, దేవుని ఎదుట జరిగే ధ్యానము. శ్వాసను గమనించడం అది కాదు. కాబట్టి దీనికి క్రైస్తవ పేరు తగిలించి బైబిలు ధ్యానమని చెప్పడం సత్యము కాదు. అలాగని పాపమని తోసివేయనక్కరలేదు. రచయితలలో ఒకరైన విలియమ్స్ స్వయముగా ఆంగ్లికన్ గురువు. చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందుగా ఇచ్చినవి నిద్ర, రొట్టె, నీళ్లు. ప్రశ్న ఆ తరువాత వచ్చింది. శరీరమునకు విశ్రాంతినిచ్చే సాధనమును ఆ క్రమములో చూడవచ్చునని మా అభిప్రాయము.

పరిచర్యకు సూచనలు

మన ఆచారములను కూడా ఇదే కొలతతో పరీక్షించుకోవాలి. రాత్రంతా జరిగే ప్రార్థనలో నిద్ర మానడం బైపోలార్ రోగిలో ఉన్మాద దశను రేపవచ్చు. లిథియం వాడేవారు నీళ్లు మాని ఉపవాసముంటే రక్తములో ఆ మందు మోతాదు ప్రమాదకరముగా పెరగవచ్చు. ఆదిలాబాదు ఎండలలో ఈ ప్రమాదము మరీ ఎక్కువ. నిద్ర లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, ఉన్నదంతా దానము చేసే విశ్వాసిని ఆత్మపూర్ణుడని వేదిక ఎక్కించకముందు, అతనికి ఇంతకుముందు ఇలా జరిగిందా అని ఇంటివారిని అడగాలి. అటువంటివారిని ఉపవాస కూటములకు బలవంతపెట్టరాదు. మందు మానుమని ఏ కాపరీ చెప్పరాదు. ఉట్నూరు మీదుగా ఆదిలాబాదు వైద్యుని యొద్దకు రోగితో కూడ వెళ్లడం, బస్సు ఖర్చు సంఘము భరించడం కూడా పరిచర్యే. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ ఉచిత సహాయము 14416 నంబరులో లభిస్తుంది.

ముగింపు

కాపరులు ఈ గ్రంథమును చదవవలెనని మేము కోరుతున్నాము. అయితే వెంటనే బోధించడానికి కాదు. వైద్యుని చికిత్సలో ఉండి కోలుకున్న విశ్వాసి తానై అడిగినప్పుడు, వైద్యుని సమ్మతితో, అతని భాషలో, మూడు నిమిషములతో మొదలుపెట్టవచ్చు. దిగులు పెరిగితే ఆపివేయాలి. గోండి మాట్లాడే విశ్వాసులు ఈ దుఃఖమును తమ భాషలో ఏ మాటలతో చెప్పుకుంటారో వినడం మన విద్యార్థులు చేపట్టవలసిన మొదటి పరిశోధన.