మడవ కాడ కాంతి

మా ఊరు మర్రిగూడలో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగినవాణ్ని. పళ్ల మీద గోధుమ చారలు నాకూ ఉన్నాయి. ఇప్పుడు నా పని కాంతికి కాల్వలు తీయడం. మిడ్-ఇన్‌ఫ్రారెడ్ కాంతి పుట్టే సెమీకండక్టర్ చిప్‌లకు వేవ్‌గైడ్లు గీస్తాను.

కాల్వకు గట్టెంతో వేవ్‌గైడ్‌కు వక్రీభవన గుణకం అంత. కాంతి పుట్టే పొరలది సుమారు 3.3, చుట్టూ ఉన్న ఇండియం ఫాస్ఫైడ్‌ది 3.1. ఆ కాస్త తేడా వల్లే చుట్టూ ఉన్న పొర గట్టవుతుంది. తరంగం పొడవు పెరిగితే గట్టు మందం కూడా పెరగాలి. లేదంటే కాంతి పైనున్న బంగారు పూతను తాకి అక్కడే ఇంకిపోతుంది. 6 మైక్రాన్లకు సరిపోయిన గట్టు 8కి చాలదు.

ఈ కాంతిని ఇచ్చే క్వాంటమ్ క్యాస్కేడ్ లేజర్ 1994లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. అందులో ఎలక్ట్రాన్ మెట్లు దిగుతూ ఒక్కో మెట్టు దగ్గర కాంతి వదులుతుంది. మెట్ల ఎత్తు మారిస్తే తరంగం మారుతుంది. 2002లో అక్కడే 6 నుంచి 8 మైక్రాన్ల దాకా కాంతిని ఒకే చిప్ నుంచి తీశారు.

నాకూ అలా తరంగాలన్నీ కలిసి రావాలి. అసలు కష్టం కాల్వ చివర. చిప్ అంచు నాలుగో వంతు కాంతిని వెనక్కి తన్నుతుంది. అది అటూ ఇటూ తిరిగితే కొన్ని తరంగాలే బలపడి మిగతావి పోతాయి. అందుకే కాల్వను అంచుకు వాలుగా గీస్తాం. నాయినా అంతే, నీళ్లు ఎదురు కొట్టి గండి పడకుండా మడవను వాలుగా తీసేవాడు. మొన్నొక డిజైన్‌లో వాలు తక్కువ పెట్టాను. తెర మీద నున్నటి గుట్టలా రావాల్సిన స్పెక్ట్రమ్ దువ్వెన పళ్లలా వచ్చింది. మళ్లీ మొదటి నుంచి గీశాను.

ఆ కాంతి బయటికొచ్చే కిటికీ కాల్షియం ఫ్లోరైడ్‌ది. మామూలు గాజు ఆపేసే కాంతిని అది 8 మైక్రాన్ల దాకా పోనిస్తుంది. మా రాళ్లలోంచి నీళ్లలోకి దిగి మనుషుల ఎముకలు వంచిందీ ఆ ఫ్లోరైడే.

ఊరికి పోతే అడుగుతారు, నీ కాంతితో నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పొచ్చు కదా అని. చెప్పలేను. ఈ కాంతి అణువుల్లో బంధాల ఊగులాటను చదువుతుంది. మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ దానికి చిక్కుతాయి. నీళ్లలో ఒంటరిగా తిరిగే ఫ్లోరైడ్ అయాన్‌కు ఊగడానికి బంధమే లేదు. దానికి ఎలక్ట్రోడ్ పరీక్ష ఉంది.

నల్లా రాని రోజున బోరు నీళ్లు తాగేవాళ్లు ఆ పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. పరీక్షకు ఇచ్చే నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టండి, గాజు సీసాలో వద్దు.