మెరుపును విరిచే గీత

కాటేదాన్ లేత్ షెడ్లలో ఎవరినైనా అడగండి, జాబ్ ఊగిందంటే పని చెడినట్టే అంటారు. చక్‌లో బిగించిన ముక్క వెంట్రుకవాసి పక్కకు కొట్టుకున్నా మిషన్ ఆపేసి, సుత్తితో మెల్లగా తట్టి సెంటర్‌కు తెస్తారు. మా బడంగ్‌పేట్ నుంచి ఆ షెడ్ల మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు రోజ్ ఇంజన్ గుర్తొస్తుంది. అదీ లేత్ జాతిదే. కాకపోతే ఊగడమే దాని పని.

ఖరీదైన వాచీల డయల్ మీద సన్నని అలలు, బార్లీ గింజల వరసలు ఉంటాయి చూడండి. గిలోషే అంటారు. అవి రోజ్ ఇంజన్ మీద చెక్కినవే. స్పిండిల్‌కు అంచు అలలు అలలుగా ఉన్న చక్రాలు తొడిగి ఉంటాయి. ఒక మొన ఆ అంచుకు ఆనుకుని ఉంటుంది. పనివాడు ఒక చేత్తో హ్యాండిల్ తిప్పుతుంటే, అంచు ఎత్తుపల్లాలను బట్టి స్పిండిల్ మొత్తం అటూ ఇటూ ఊగుతుంది. టూల్ ఊగదు. రెండో చేతి బొటనవేలితో దాన్ని లోహానికి అదిమిపట్టి ఉంచాలి. ఒక చుట్టు అయ్యాక కాస్త జరిపి ఇంకో చుట్టు. మోటారు ఊసే లేదు. వేలి ఒత్తిడి ఎక్కడ పెరిగినా అక్కడ గీత లోతుగా దిగుతుంది, ఆ డయల్ తుక్కులోకి పోతుంది. ఇంజన్ అన్న పేరు విని ‘మిషన్ పనేగా’ అని తీసిపారేసేవాళ్లతో నా పేచీ ఇక్కడే.

పెట్టెల మీదా, గడియారం మూతల మీదా ఉండే ఈ పనిని డయల్ మీదికి తెచ్చి నిలబెట్టినవాడు పారిస్‌లో దుకాణం పెట్టిన అబ్రహాం లూయీ బ్రెగే. 1786 ప్రాంతపు మాట. సింగారం ఒక్కటే ఆయన ఉద్దేశం కాదు. నున్నగా పాలిష్ పట్టిన బంగారు డయల్ ట్యూబ్‌లైటు కింద కొత్త స్టీలు పళ్లెం లాంటిది. కళ్లు జిగేల్‌మంటాయే తప్ప ముల్లు ఎక్కడుందో తెలియదు. గీతలు కొడితే ఆ వెలుగు ముక్కలై చెదురుతుంది, ముల్లు తేలి కనిపిస్తుంది. సెకన్ల గుండ్రానికి ఒక రకం గీత, కీ ఇంకా ఎంత మిగిలిందో చూపే చోట ఇంకో రకం, అంకెలున్న వలయం మాత్రం నునుపు. కన్ను తడుముకోదు. నగిషీ మెరుపు పెంచడానికని మనం అనుకుంటాం. ఇక్కడ అది మెరుపును అదుపులో పెట్టింది.

మామూలు వాచీల్లో ఇప్పుడు ఆ అలలను అచ్చుతో ఒత్తేస్తారు. భూతద్దం పెడితే గుట్టు బయటపడుతుంది. ఒత్తినవాటిలో గట్లు మొద్దుబారి, గుండ్రంగా ఉంటాయి. చెక్కినవాటిలో ప్రతి గాడి గోడా పదునుగా ఉండి, వాచీని కాస్త వంచగానే వెలుగు గీత నుంచి గీతకు దూకుతుంది. అన్నట్టు, పాస్‌పోర్టు పేజీల్లో కనిపించే అల్లిబిల్లి గీతలదీ ఇదే వంశం. నకలు తీయడం కష్టమని వాటిని అక్కడ పెట్టారు. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ వరస కదలనప్పుడు మంచి కాలక్షేపం.

మెరుపును అణచే విద్య మన దగ్గరా ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా గంట కొట్టే బొమ్మ కోసం మ్యూజికల్ క్లాక్ ముందు కూర్చుంటే, నేను బిద్రీ సామాను దగ్గర ఆగిపోతాను. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, ఉలితో పువ్వూ తీగా చెక్కి, ఆ గాళ్లలో వెండి కొట్టి కూరుస్తారు. అప్పటికి వెండీ తెలుపే, జింకూ తెలుపే. పడ్డ శ్రమంతా కంటికి ఆనదు. చివర్లో బీదర్ కోట మట్టీ నవాసారం కలిపిన వేడినీళ్లు తగిలితే జింకు మాత్రం నల్లబడుతుంది, వెండి చెక్కుచెదరదు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న ఊరు బీదర్. అక్కడి షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

బిద్రీ డయల్ ఉన్న వాచీ పెట్టుకోవాలని నాకో ఆశ. అదంత తేలిక కాదు. డయల్‌కు దక్కే మందం అర మిల్లీమీటరు, అటూ ఇటూగా. పోతపోసిన జింకు అంత పల్చనైతే పెళుసు, ఉలి దెబ్బకు ఆగదు. ఇత్తడి పలక మీద అతికించి చెక్కాలేమో. పైగా ఆ నలుపు నిగనిగలాడాలంటే నూనె రాయాలి. వాచీలో నూనె డయల్ మీదికి వచ్చిందంటే నేరుగా రిపేరు షాపుకే. ముందు దానికో దారి చూడాలి.