వెలిసిన నీలం

యశ్ చోప్రా దర్శకత్వంలో 1975లో వెలువడిన హిందీ చిత్రం ‘దీవార్’లో అమితాబ్ బచ్చన్ బొంబాయి రేవు కూలీ. ఆయన ధరించిన నీలి చొక్కా, దాని కొసలు నడుము వద్ద ముడివేసిన తీరు ప్రేక్షకులకు చిరపరిచితాలు. అటువంటి చొక్కా కోసం ఇంట్లో తెల్ల చొక్కాకు రంగు వేసుకున్నవానిని చూసి వట్టి అనుకరణ అని కొట్టివేయడం తేలిక.

కాని రంగు వేయదలచినవాడు ముందుగా చిత్రాన్ని శ్రద్ధగా చూడాలి. ఎండలో కనిపించిన నీలమా, గోదాములో కనిపించినదా? కొత్త గుడ్డ నీలమా, ఉతికి ఉతికి వెలిసినదా? పొయ్యి మీద మరిగే నీటిలో రంగుపొడి, ఉప్పు కలిపి గుడ్డను ఎంత కలియబెట్టినా నూలుపోగు పట్టినట్లు పాలియెస్టర్ పోగు ఆ రంగును పట్టదు. టెరికాట్ చొక్కా పాలిపోతుంది. కుట్టుదారం తెల్లగానే మిగులుతుంది. కూలివాని దుస్తుల గౌరవాన్ని కోరినవాడు చివరకు తన వస్త్రం స్వభావాన్నే తెలుసుకుంటాడు.

చరిత్ర విద్యార్థికి ఇందులో మరొక విశేషం ఉన్నది. ఆ కాలపు రంగుల ప్రతులలో నీలిపచ్చ రంగుపొర ముందుగా వెలిసి, బొమ్మలు ఎర్రబారేవి. అటువంటి ప్రతిని నేడు పునరుద్ధరించినప్పుడు కనిపించే నీలం కొంతవరకు సాంకేతిక నిపుణుల నిర్ణయమే. ఇంటి చొక్కా కూడా వెలుస్తుంది. కచ్చితమైన సాక్ష్యం కాజాలదు. అయినా ఒక ప్రేక్షకుడు ఏ నీలాన్ని చూశాననుకున్నాడో అది చెబుతుంది.

పుణేలో 1964లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం చిత్రాలను భద్రపరిచింది. ప్రేక్షకుని చూపును దాచిన చొక్కాలు ఇళ్లలోని పాత పెట్టెల్లో ఉంటాయి. అవి మసిగుడ్డలు కాకముందే విమర్శ వాటిని చదవడం నేర్వాలి.