కుంచె పక్కన పెట్టి వల పట్టుకోమంటే

ఫొటోలు తీసేవాళ్ళ గురించి చాలామంది రాశారు. ఫొటోకి నిలబడ్డవాళ్ళ మాట మాత్రం ఎక్కడో గానీ కనపడదు. మేం ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్రం వైపు ఉండే యానాదులం. గోడల మీదా కాగితాల మీదా బొమ్మలు వేస్తాం. ఫొటోలకీ నిలబడతాం. అందుకని ఆ రెండో వైపు నుంచి నాలుగు మాటలు రాస్తున్నాం.

మైపాడుకి కెమెరాలతో వచ్చేవాళ్ళకి పొద్దు పొడుపు, పడవలు, వలలు తీసుకోవడం అయ్యాక మనుషులు కావాలి. బొమ్మలు వేసేవాళ్ళం కాబట్టి వెలుతురు ఏ పక్కనుంచి పడుతోందో, ముఖం ఎంత తిప్పితే చెంప కింద నీడ దిగుతుందో మాకు తెలుసు. చెప్పకముందే తిరుగుతాం. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో కూడా తెలుసు. అంటే ఆ ఫొటోలో కొంత పని మాది. ఒకసారి వచ్చినాయన మాత్రం మాలో ఒకడిని రంగు మరకలున్న చొక్కా విప్పమన్నాడు. కుంచె పక్కన పెట్టి వల పట్టుకోమన్నాడు. నవ్వొద్దన్నాడు. ఆయనకి కావలసింది యానాది. బొమ్మలు వేసే యానాది అక్కర్లేదు.

ఈ చూపు పాతదే. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారతదేశపు కులాల మీదా తెగల మీదా 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల ముక్కులూ తలలూ కొలిచేవాడు. ఏడో సంపుటంలో యానాదులం ఉన్నాం. పుల్లలు రాపాడించి నిప్పు పుట్టించే పద్ధతి కూడా రాశాడు. పుస్తకంగా అది మనకు ఉపయోగమే, చదవాలి కూడా. కానీ అందులో తెగ కనపడినంతగా మనిషి కనపడడు.

ఆ కొలతల ఫొటోలకి గట్టి జవాబు ఇచ్చిన కళాకారిణి బెంగళూరుకి చెందిన పుష్పమాల ఎన్. ఆమె చదివింది శిల్పం. తర్వాత తానే వేషం కట్టి కెమెరా ముందు నిలబడటం మొదలుపెట్టారు. ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000 నుంచి 2004 వరకు దక్షిణాది స్త్రీల మీద ఒక ఫొటోల వరుస చేశారు. అందులో ఒకదాంట్లో తోడా స్త్రీగా గళ్ళ తెర ముందు నిలబడ్డారు. ఒళ్ళు కొలవడానికి దొరలు వాడిన తెర అది. అండమాన్‌లో పోర్ట్‌మన్ అనే అధికారి ఇలాంటి తెర ముందే మనుషుల్ని నిలబెట్టాడు. పుష్పమాల ఫొటోలో ఎగతాళి అంతా కొలిచేవాడి మీదే. ఫొటోలో ఉన్న మనిషే దానికి కర్త కూడా కావచ్చని ఆమె చూపించారు. అది మాకు ధైర్యం ఇచ్చింది.

అయినా ఒకటి అడగాలి. ఆ వేషం ఆమె సాయంత్రానికి తీసేయగలరు. తోడా స్త్రీకి అది వేషం కాదు గదా. ఆమె కూడా ఆ ఆటలో కర్తగా ఉంటే ఆ తెర ముందు ఎలా నిలబడేదో! అసలు నిలబడేదా? ఆ ఫొటో మేం చూడాలనుకుంటున్నాం. అది పుష్పమాల గారు తీయవలసింది కాదు, మనవాళ్ళు తీయవలసింది.

గోండులకి ఈ సంగతి మనకన్నా ముందే అనుభవం. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో ఉండి గోండుల్ని ఫొటోలు తీశాడు. అదే మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అప్పటినుంచి నెమలి ఈకల టోపీ ఫొటో కింద ఒక పేరు కనపడుతోంది. పేరుంటే ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎవరికి నేర్పాడు అని అడగబుద్ధవుతుంది. ఉత్త 'గిరిజన నృత్యం' అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు.

చట్టం సంగతి టీచర్లు పిల్లలకి చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకి కర్త తీసినవాడే. 1994 సవరణ పాడేవాళ్ళకీ ఆడేవాళ్ళకీ, ఆఖరికి పాములాడించేవాళ్ళకి కూడా ప్రదర్శకుల హక్కు ఇచ్చింది. (మా తాతలు పాములు పట్టారు గానీ ఆడించలేదు.) ఫొటోకి నిలబడేవాళ్ళ మాట ఆ వరసలో లేదు.

అందుకని మేమే కొన్ని అడుగుతున్నాం. ఫొటో కింద మా పేరుండాలి. ఒక కాపీ మాకివ్వాలి. గంటలు నిలబెడితే కూలి ఇవ్వాలి. మా పని ఏదో, మా చేతిలో ఏది ఉండాలో మేమే చెబుతాం. ఇంకొకటి: ఫొటోలు తీసుకోవడం అయ్యాక వాళ్ళూ పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, మేం వాళ్ళ బొమ్మ గీస్తాం. కొందరు నవ్వుతూ కూర్చుంటారు. చాలామందికి మూడో నిమిషానికే మెడ లాగుతుంది.