మెక్సికో భాషల పట్టిక – ఒక పరిశీలన

టొమాటో అనే మాట ఇంగ్లీషులో పుట్టినది కాదు. మెక్సికోలోని నావాత్ల్ భాషలో ‘తొమాత్ల్’ అనే మాట స్పానిష్ వారి నోట ‘తొమాతే’ అయి, లోకమంతా తిరిగి మన వంటింటికి చేరింది. నావాత్ల్ నేటికీ జీవద్భాషయే. 2020 జనాభా లెక్కల ప్రకారం దానిని మాట్లాడేవారు పదహారు లక్షలకు పైగా ఉన్నారు. మెక్సికోలో ఇటువంటి స్థానిక భాషలు మొత్తం ఎన్ని? 2008లో ఆ దేశపు జాతీయ స్థానిక భాషల సంస్థ ప్రకటించిన పట్టిక ఈ ప్రశ్నకు సమాధానం చెప్పబూనింది.

అందులో 11 భాషా కుటుంబాలు, 68 భాషా వర్గాలు, 364 భాషా రూపాలు ఉన్నవి. మరి భాషలు 68 అనవలెనా, 364 అనవలెనా? ఇది కొలబద్దను బట్టి వచ్చే తేడా. ఒక జాతి పేరుతో వాడుకలో ఉన్న భాషారూపాలన్నీ కలిసి ఒక వర్గం. ఆ వర్గంలోనే నిర్మాణంలో, పదజాలంలో తేడాలుండి, మాట్లాడేవారు తమదిగా వేరుగా గుర్తించుకొన్నది ఒక రూపం. ఈ లెక్కన మిష్టెక్ ఒక్కదానికే 81 రూపాలు తేలినవి.

ఈ పట్టికలో మెచ్చదగిన అంశం ఒకటి ఉన్నది. స్థానిక భాషలను ‘మాండలికాలు’ అని చులకన చేసే అలవాటు ఆ దేశంలో చిరకాలంగా ఉన్నది. పట్టిక దానిని కాదని, బడిలో, న్యాయస్థానంలో, వైద్యశాలలో ప్రతి రూపాన్నీ ఒక భాషగానే పరిగణించవలెనని చెప్పింది. ఇది సబబే. మిష్టెక్‌లో స్వరం హెచ్చుతగ్గులతోనే మాటకు అర్థం మారుతుంది. దూరపు గ్రామాల మిష్టెక్‌లు ఒకరి మాట ఒకరికి తెలియకపోవచ్చు. అటువంటప్పుడు ‘మిష్టెక్ వచ్చినవాడు’ అని ఎవరినో దుబాసీగా పిలిస్తే రోగి బాధ వైద్యునికి తెలియదు.

అయితే ఒక లోపం కూడా ఉన్నది. ఏడున్నర లక్షలకు మించినవారు మాట్లాడే యుకతాన్ మాయా భాషకు పట్టికలో ఒకే రూపం. కొద్దిమంది వృద్ధుల నోట మాత్రమే మిగిలినదీ ఒక రూపమే. ఏది బలమైనదో, ఏది అంతరించనున్నదో ఈ అంకెలు చెప్పవు. 2012లో అదే సంస్థ వెలువరించిన గ్రంథం ఈ కొరతను కొంత తీర్చింది. 364లో 64 రూపాలు అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నట్లు అందులో తేలింది.

2003 చట్టం ఈ భాషలన్నిటినీ స్పానిష్‌తోపాటు జాతీయ భాషలుగా గుర్తించింది. అయినప్పటికీ, మూడేళ్లు పైబడిన జనాభాలో స్థానిక భాషలు మాట్లాడేవారి వాటా 2010లో 6.6 శాతం ఉండగా 2020 నాటికి 6.1కి తగ్గింది. ఇంట్లో పెద్దల భాష పిల్లలకు అందకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు నల్లబల్లమీద 364 వ్రాసి ఆగక, దాని పక్కనే 64 కూడా వ్రాయడం అవసరం.