ఇంటి భాషకు చేరని వేదాంతం

తెలుగు క్రైస్తవ సాహిత్యం అనగానే మనకు గుర్తొచ్చేది పాట, పద్యం: పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు, జాషువా గారి కావ్యాలు. దేవుణ్ణి గురించిన విచారణకు, అంటే క్రైస్తవులు వేదాంతమనీ దైవశాస్త్రమనీ పిలిచే చదువుకు, మన సాహిత్య చరిత్రల్లో చోటు చాలా తక్కువ. ఆ లోటుకు పెద్ద ఉదాహరణ పాండిపెద్ది చెంచయ్య గారు.

చెంచయ్య గారు (1886-1959) నెల్లూరివారు. 1901లో తండ్రితోపాటు క్రైస్తవం పుచ్చుకున్నారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, న్యాయవాదియై, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. ఆయన పాదిరీ కాదు, గృహస్థు. 1938లో తాంబరంలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. హిందూమతానికీ క్రీస్తు సువార్తకూ పొంతన లేదన్న హెండ్రిక్ క్రేమర్ వాదానికి జవాబుగా, ఆ ఏడే మద్రాసులో కొందరు మిత్రులతో కలిసి ఆయన ఇంగ్లీషులో ఒక వ్యాససంపుటి వెలువరించారు. మతం మారినవాడు తన పూర్వుల ఆస్తిని వదులుకోనక్కరలేదని ఆయన పట్టు. క్రీస్తు ఒక మతాన్ని స్థాపించడానికి రాలేదు, సృష్టిలో కొత్త మెట్టుగా వచ్చాడు. ఆయన కొత్త సృష్టికి ఆదిపురుషుడు, పరిశుద్ధాత్మ ఆ సృష్టిని నడిపే మహాశక్తి. ఇదీ ఆయన సిద్ధాంత సారం. ఇందులో కుంభకోణం మాస్టర్ సి.వి.వి. గారి యోగమార్గం ప్రభావం కూడా ఉంది.

తెలుగువాడు, తమిళదేశంలో బతికి, ఇంగ్లీషులో రాశాడు. ఇంట తెలుగు, వీధిలో తమిళం, కచేరీలో ఇంగ్లీషుగా గడిపే రాజపాళయం వాళ్ళకు ఈ సంగతి వింతగా తోచదు. అయితే ఫలితం ఏమిటి? ఆయనను వేదాంత కళాశాలల్లో చదువుతారు. తెలుగు పాఠకుడు మాత్రం ఎరగడు.

నా అభిప్రాయంలో ఈ నష్టం పాఠకుడిది మాత్రమే కాదు, చెంచయ్య గారి సిద్ధాంతానిది కూడా. ఇంగ్లీషు వాక్యంలో 'శక్తి' ఒక నగలాంటిది. తెలుగులో పెట్టగానే అది ప్రాణమున్న మాట. మన ఊళ్ళో శక్తి అంటే అమ్మవారు, మొక్కుబడులు, నిప్పుల గుండం. పరిశుద్ధాత్మను మహాశక్తి అంటే మన అమ్మమ్మలు వెంటనే అడుగుతారు: ఏ అమ్మ, ఎవరి అమ్మ? ఆ ప్రశ్నకు నిలబడితేనే సిద్ధాంతానికి బలం.

'ఆదిపురుషుడు' ఇంకా కష్టమైన మాట. ఋగ్వేదంలోని పురుషసూక్తంలో పురుషుని అవయవాల నుంచే నాలుగు వర్ణాలు పుట్టాయి. పాదాల దగ్గరికి వచ్చేసరికి లెక్క ముగిసింది. ఆ లెక్కలో చేరనివారే తెలుగు క్రైస్తవుల్లో అధికులు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. వారికి పూర్వుల ఆస్తి అంటే ఏది? చెంచయ్య గారి సంపుటి వచ్చిన మూడేళ్ళకే, 1941లో, జాషువా గారి 'గబ్బిలం' వచ్చింది. గుడిలోకి రానివ్వని పేదవాడు తన గోడు కాశీలోని శివుడికి గబ్బిలంతో చెప్పి పంపుతాడు. దైవశాస్త్రం అడగవలసిన ప్రశ్నను అక్కడ కవి అడిగాడు.

చెంచయ్య గారి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆయన ఆదిపురుషుడు పాత సృష్టికి కాదు, కొత్తదానికి. ఆ శరీరానికి తలా పాదమూ అనే తారతమ్యం ఉండనక్కరలేదు. జాషువాకు జవాబు ఆ భావంలోనే దాగి ఉందని నాకు తోస్తుంది. దాన్ని విప్పి చూపడానికి ఇంగ్లీషు చాలదు. పురుషసూక్తమూ, మాదిగపల్లే రెండూ ఎరిగిన భాష కావాలి.

తమిళులు దైవశాస్త్రానికి 'ఇఱైయియల్' అని సొంత మాట కట్టుకున్నారు. మనమేమో వేదాంతమన్న పాత మాటనే వాడుకుంటున్నాం, పైగా ఎవరైనా పనికిరాని నీతులు చెబితే "వేదాంతం చెప్పకు" అంటాం. చెంచయ్య గారి 1938 నాటి వ్యాసాల్లో ఒక్కటైనా మన పాఠకుల్లో ఎవరైనా తెలుగు చేయాలి. తెలుగు లిపి రానివారు తమిళ లిపిలోనైనా రాయవచ్చు. చదివి ఒప్పుకునేవారు, కాదనేవారు ఇద్దరూ ఆయనకు అవసరమే.