ఖండనం, కీర్తన: విశాఖ మండల క్రైస్తవ సాహిత్యంలో ప్రతిఘటనకు సమాధానం

తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్రలు సాధారణంగా బైబిల్ అనువాదాల వివరాలతో మొదలై కీర్తనల ప్రశస్తితో ముగుస్తాయి. ఆ రచనలు ఎవరి అభ్యంతరాలకు సమాధానంగా పుట్టాయన్న ప్రశ్న వాటిలో అరుదు. మతప్రబోధాన్ని వినేవాడు ఊరికే వినడు. వాదిస్తాడు, నవ్వుతాడు, లేచిపోతాడు, ఒక్కోసారి సొంత కొడుకునే ఇంటికి దూరం చేస్తాడు. ఈ ప్రతిఘటన రచనా స్వరూపాన్ని ఎలా మలచిందో పరిశీలించడానికి విశాఖపట్నం, దాని పరిసరాలు తగిన క్షేత్రం.

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖ చేరుకునేనాటికి ఈస్టిండియా కంపెనీ మతప్రచారాన్ని అనుమానంతో చూస్తోంది. 1806 నాటి వేలూరు తిరుగుబాటు తరువాత ఆ అనుమానం ముదిరింది. 1813 చార్టర్ చట్టం వరకూ మిషనరీలకు గట్టి చట్టపరమైన ఆధారం లేదు. ప్రతిఘటన అనగానే స్థానిక సమాజాన్నే తలచుకునే అలవాటు ఇక్కడ కొంత సవరించుకోవలసి ఉంది. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ సహకారంతో డెస్ గ్రాంజెస్ చేసిన సువార్తల తెలుగు అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. అంటే తొలి పుస్తకంలోనే ఆ సమాజపు పలుకుబడి తెలిసినవాడి చెయ్యి ఉంది.

ఆనాటి మిషనరీ కరపత్రాల ప్రధాన ధోరణి ఖండనం. విగ్రహారాధన, పురాణ కథలు, కులభేదం వాటి లక్ష్యాలు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రకటించిన తరువాత ప్రబోధకులకు అవి అందివచ్చిన ఆయుధాలయ్యాయి. అయితే ఆ ఆయుధం ప్రయోగించేవాడిని బట్టి పదునెక్కుతుంది, మొద్దుబారుతుంది. వేమన తిట్టు ఇంటివాడి తిట్టు. అదే పద్యాన్ని బయటివాడు వల్లించినప్పుడు శ్రోతకు అందులో వినిపించేది ఆత్మవిమర్శ కాదు, ఎగతాళి.

ఈ చిక్కును అతి దగ్గరగా చవిచూసినవాడు పురుషోత్తమ చౌదరి (1803-1890). పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన వంగదేశపు బ్రాహ్మణ వంశీకుడు. తెలుగు, ఒరియా, సంస్కృతం ఎరిగినవాడు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల క్రైస్తవ ప్రబోధకుల పరిచయం ఆయనను కొత్త విశ్వాసం వైపు నడిపింది. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. కుటుంబం మొదట ఆయన వెంట రాలేదు. ఆయనకు ప్రతివాది ఎక్కడో వీధిలో లేడు, సొంత ఇంట్లోనే ఉన్నాడు.

చౌదరి రెండు మార్గాల్లోనూ రాశాడు. ‘కులాచార పరీక్ష’ పేరులోనే వాదం ఉంది. కీర్తనల్లో ఆ వాదం కనిపించదని అనడం తొందరపాటు. అక్కడ మారింది సంబోధన. ఖండన గ్రంథంలో ‘నీవు’ అంటే ప్రతివాది, పొరబడినవాడు. కీర్తనలో ‘నీవు’ దైవం; పొరబడినవాడు ‘నేను’. ప్రతివాది చాటున నిలిచి వినే శ్రోత అవుతాడు. తనను ఎవరూ దోషిగా నిలబెట్టలేదు కనుక అతడు జవాబు చెప్పుకోవలసిన పని లేదు. పైగా రాగతాళాలు, శరణాగతి, ఆర్తి అతనికి చిరపరిచితాలు. రామదాసు కీర్తనలు విన్న చెవికి ఆ బాణీ పరాయిది కాదు. ప్రతిఘటనను తగ్గించే యుక్తిగానే దీన్ని చూడడం చౌదరికి అన్యాయం చేస్తుంది. తాను వదిలివచ్చిన సంస్కారంలో వదలలేనిదేదో కవికి ఉందని ఆ కీర్తనలు చెబుతాయి.

అయినా కీర్తన విజయాన్ని యథాతథంగా అంగీకరించడం కష్టం. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనం ద్వారా చౌదరి పాటలు నేటికీ ఆరాధనల్లో వినిపిస్తున్నాయి. పాడేవారు, వినేవారు ఇద్దరూ విశ్వాసులే. చాటున నిలిచి వినవలసిన ప్రతివాది ఆ గోడల మధ్య లేడు. ఎదుటివాడిని నొప్పించని మాట చివరికి ఎదుటివాడిని చేరని మాటగా మిగిలిందా అన్న సందేహం సమంజసమే. ఓడరేవు ముఖద్వారాన రాస్ హిల్ చర్చి, దర్గా, వేంకటేశ్వరాలయం ఉన్న మూడు కొండలను విశాఖ మతసామరస్యానికి ప్రతీకగా చూపడం ఆనవాయితీ. పక్కపక్కన ఉండడం వేరు, ఒకరి మాట ఒకరు వినడం వేరు.

ప్రతిఘటనకు మరో ముఖం ఆస్తి. మతం మారినవాడు వారసత్వ హక్కు కోల్పోకుండా 1850 నాటి 21వ చట్టం రక్షణ కల్పించింది. మారినవాడి నష్టాన్ని చట్టం అంతవరకు చూసింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని తేల్చింది. ఇక్కడ దృష్టి వినేవాడి స్వేచ్ఛ మీద ఉంది. ఈ తీర్పు మీద విమర్శలు లేకపోలేదు గాని, వినేవాడి అంతరాత్మను కూడా లెక్కలోకి తీసుకోవాలన్న దాని ఆందోళన చౌదరి కీర్తనల సంబోధనా పద్ధతికి మరీ దూరమైనది కాదు.

పరిశోధకులు కీర్తనలకు ఇచ్చిన శ్రద్ధ ‘కులాచార పరీక్ష’కు ఇవ్వలేదు. దానికి సాహిత్యేతర కారణం కూడా ఉండవచ్చు. కీర్తన ఎవరినీ ఇబ్బంది పెట్టదు. కులాన్ని ప్రశ్నించే పుస్తకం బయటి ప్రతివాదితో పాటు, పెళ్లి సంబంధాల దగ్గర ఇప్పటికీ కులం అడిగే సంఘస్థుణ్ణి కూడా నిలదీస్తుంది.